ఆసుపత్రి వాకిట దాసోహము



దానమునకును దాసోహమునకును గల భేదమును మన పెద్దలు పదేపదే చెప్పియున్నారు. దానమునందు ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమునందు ఇచ్చువాడే దాసుడు. ఎదుటివానికి చెందవలసినది వానికి చేర్చితిననియే గాని, నేనిచ్చితినని అతడు తలపడు. మఠములోని పంక్తియందు మనకీ భేదము తెలిసినట్లే యుండును. ప్రభుత్వ ఆసుపత్రి వాకిట మాత్రము దానిని మరచుచున్నాము.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కథ మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. భండారపు ధనమును బసవన్న జంగమములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు రాజునకు చాడి చెప్పిరి. రాజు లెక్క చూపుమనెను. బసవన్న వెరవక భండారమును తెరచి చూపెను. లెక్క సరిగా నుండెను. ఈ కథలో మహిమను మాత్రమే చూచి ఊరకుండరాదు. భండారము ప్రజల కాయకము వలన నిండినది. అడిగినవారికి లెక్క చూపుట భండారి ధర్మము. నేటి సర్కారు ఆసుపత్రియు అట్టి భండారమే. అందలి మంచము, మందు, వైద్యుని జీతము, ఇవన్నియు అగ్గిపెట్టె కొన్న కూలివాడు సైతము కట్టిన పన్నులోనివే. అక్కడ రోగి యాచకుడు కాడు, హక్కుదారు.

జరిగిన వృత్తాంతమొకటి వినుడు. 1992 జూలై 8వ తేదీన పశ్చిమ బెంగాలులో ఒక వ్యవసాయ కూలీ రైలునుండి జారిపడెను. తలకు పెద్ద దెబ్బ తగిలి లోపల రక్తస్రావమయ్యెను. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో సాధనములు లేవనిరి. కలకత్తాకు తీసికొనిపోగా, ఆ రాత్రి ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని వెంట నొకటిగా, మంచము ఖాళీ లేదనియో తగిన వసతి లేదనియో త్రిప్పిపంపినవి. మరునాటి ఉదయము ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, సుమారు 17,000 రూపాయలు వెచ్చించి అతడు ప్రాణము దక్కించుకొనెను.

అతడు ఒంటరి యైయున్న యెడల కథ అంతటితో ముగిసెడిది. కాని అతడు పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి సభ్యుడు. కూలీల సంఘమైన ఆ సమితి అతని బాధను తన బాధగా నెంచి సుప్రీంకోర్టు నాశ్రయించెను. ప్రభుత్వ ఆసుపత్రిలో సకాలమున చికిత్స దొరకకపోవుట, రాజ్యాంగములోని 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కునకు భంగమని 1996 మే 6వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పెను. ధనము చాలదను సాకు చెల్లదనెను. ఆ కూలీకి 25,000 రూపాయల పరిహార మిప్పించెను. ఎక్కడ మంచము ఖాళీ యున్నదో తెలియజేయు ఏర్పాటు ఉండవలెననియు ఆదేశించెను.

ఇట్టి పనిని తరువాత పలువురు చేపట్టిరి. జన స్వాస్థ్య అభియాన్ తోడ్పాటుతో జాతీయ మానవ హక్కుల సంఘము 2004లో పలుచోట్ల ప్రజా విచారణలు జరిపెను. 2007లో బసవన్న నడయాడిన కర్ణాటకముతో సహా తొమ్మిది రాష్ట్రములలో గ్రామస్థులే ఆరోగ్య కేంద్రములను పరిశీలించు పద్ధతి మొదలయ్యెను. మందులున్నవా, నర్సు ఊరికి వచ్చుచున్నదా, ఎవరైన లంచమడిగిరా అని గ్రామ సమితివారు విచారించి పట్టిక వ్రాయుదురు. అధికారుల ఎదుట సభలో రోగులే నోరు విప్పి చెప్పుదురు. 2018లో మానవ హక్కుల సంఘము 17 హక్కులతో రోగుల హక్కుల పత్రమును సిద్ధపరచెను. రోగి కోరిన 72 గంటలలో అతని చికిత్స కాగితములు ఇయ్యవలెనని 2002 నాటి వైద్యమండలి నియమావళియే చెప్పుచున్నది. అయినను అడుగవచ్చునని ఎందరికి తెలియును?

ఇప్పుడు మన మాటకు వత్తము. మనవారు ఆసుపత్రికి ఫ్యాను ఇచ్చినచో దాని రెక్కపై పేరు వ్రాయింతురు. మన బంధువునకు జబ్బు చేసినచో తెలిసిన అధికారికి కబురంపి మంచము సంపాదింతురు. ఆ మంచము ఎవరిది? తెల్లవారుజామునుండి చీటి పట్టుకొని వరుసలో నిలిచిన వానిది. సిఫారసు లేనందున అతడు వెనుకకు పోయెను. ఇది దాసోహము కాదు, భండారమునకు కన్నము వేయుట. ఎవరికి తెలిసినవా రెవ్వరును లేరో, వానికొరకు అడుగుటయే దాసోహము.

అడుగుటయందును వినయముండవలెను. పదిమంది పని ఒక్కతెయే చేయుచున్న నర్సుపై కేకలు వేయుట శరణుల మార్గము కాదు. ఆమెదియు కాయకమే. వైద్య సంగణ్ణ వైద్యమునే కాయకముగా గైకొని శరణులలో నొకడాయెను. నర్సులు చాలనిచో ఆ లోపమును ఆమె నెత్తిన రుద్దక, పైవారికి వ్రాతమూలముగా తెలుపవలెను. రోగి పక్షమున నిలుచువాడు ఆమెకును తోడు కావలెను.

మఠాధిపతులకును కుటుంబములకును నా విన్నపమిది. ప్రతి మఠమును తన సమీపమున నున్న ప్రభుత్వ ఆసుపత్రికి వంతుల వారీగా ఇద్దరేసి సేవకులను పంపవలెను. చదువు రానివానికి చీటి చదివి చెప్పుడు. ఎక్కడికి పోవలెనో చూపుడు. మంచము లేదన్నచో, మరెక్కడ నున్నదో కనుగొని చెప్పుమని మర్యాదగా అడుగుడు. అప్పటికిని న్యాయము జరుగనిచో ఫిర్యాదు వ్రాసి, దాని నకలును రోగి చేతికిండు. ఏ కులమని, ఏ మతమని విచారింపకుడు. ఇందులకు విరాళము అక్కరలేదు, పూటసేపు కాలము చాలును.

నిత్యము అరచేతిలో ఇష్టలింగము నుంచుకొని పూజించు మనము, ఆసుపత్రి అరుగుపై పడియున్న దేహమునందును ఆ చైతన్యమే కలదని మరువరాదు. ఆ దేహమును దాటి ఇంటికి వచ్చి చేసిన పూజ కూడలసంగమునికి చేరునా? ఎవరికి వారే తమ మనస్సు నడిగి చూచుకొందురు గాక.

శరణు శరణార్థి.