మూగజీవి నాడి

మన సభ్యులలో వైద్యులు, పరిశోధకులు చాలామంది ఉన్నారు. మనిషి మీద ఏ ప్రయోగం చేయాలన్నా ముందు సంగతి వివరించి, అతని సంతకం తీసుకోవాలని వారికి తెలుసు. మరి సంతకం పెట్టలేని జీవి మాటేమిటి?

అడవి జంతువులకు, సముద్ర జీవులకు చిన్న యంత్రాలు అమర్చి, వాటి గుండె వేగం, ఒంటి వేడి, మునిగే లోతు తెలుసుకునే పద్ధతి ఈనాడు బాగా వాడుకలో ఉంది. ఆ జాతులను కాపాడాలన్నదే ఉద్దేశం. అయితే మంచి ఉద్దేశం ఒక్కటే చాలునా?

ఈ పద్ధతి వల్ల మేలు లేదనలేము. గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలో వలలలో పట్టిన నార్వాల్ తిమింగలాలకు గుండె వేగం కొలిచే యంత్రాలు తగిలించి వదిలారు. ఫలితాలు 2017లో ప్రకటించారు. బెదిరిన జంతువు పరుగెత్తితే గుండె దడదడలాడాలి. కాని ఇవి ప్రాణభయంతో లోతుకు ఈదుతూ ఉంటే, గుండె నిమిషానికి మూడు నాలుగు సార్లే కొట్టుకున్నది. ఒంట్లోని ప్రాణవాయువు దాదాపు అంతా ఖర్చయిపోయే స్థితి అది. పైనుంచి చూసేవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. మంచు కరిగి ఓడల రాకపోకలు పెరుగుతున్న ఆ సముద్రాలలో ఇది తెలియవలసిన సంగతే.

కాని వాటిని భయపెట్టింది ఎవరు? మన వలలే కదా! భయాన్ని కొలవడానికి ముందు భయపెట్టవలసి వచ్చింది.

ఇంకొక ఉదాహరణ చూద్దాం. హిందూ మహాసముద్రం దక్షిణాన క్రోజె దీవులలో కింగ్ పెంగ్విన్ పక్షులున్నాయి. గుర్తు కోసం రెక్కకు లోహపు పట్టీ తొడగడం పాత అలవాటు. 50 పక్షులకు పట్టీ వేసి, 50 పక్షులకు వేయకుండా, అన్నిటికీ చర్మం కింద చిన్న గుర్తింపు పరికరం మాత్రం పెట్టి, పదేళ్ళు గమనించారు. పట్టీ ఉన్నవాటికి పిల్లలు నూటికి 39 వంతులు తగ్గాయి. బతికి ఉండే అవకాశం 16 వంతులు తగ్గింది. 2011లో ఈ లెక్కలు వెలువడ్డాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

పోయింది పక్షుల సుఖం మాత్రమే కాదు. పట్టీ వేసిన పక్షులను చూసి వాతావరణ మార్పుల గురించి చేసిన నిర్ణయాలు కూడా సందేహంలో పడ్డాయి. అహింస, సత్యం వేరు వేరు వ్రతాలని మనం అనుకుంటాం. ఇక్కడ అవి ఒకటే. బాధపడుతున్న జీవి తన సహజ స్వభావం చెప్పదు, మనం పెట్టిన బాధనే చెబుతుంది.

అందుచేత పరికరం వల్ల కలిగే హానిని ముందుగా కొలవాలి. వేరే దారి ఉంటే జంతువును పట్టుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తెలుసుకున్నదానిని ఆచరణలో పెట్టాలి. నార్వాల్ గుండె చెప్పిన మాట విన్న తరువాత కూడా ఓడలు దారి మార్చుకోకపోతే, వేగం తగ్గించకపోతే, ఆ జీవిని భయపెట్టే హక్కు మనకు ఎక్కడిది? అనుమతి లేకుండా తీసుకున్నది అప్పే. దానిని తీర్చే పూచీ తీసుకున్న మనిషికే మూగజీవి నాడి పట్టుకునే అర్హత ఉంటుంది.