వాళ్ళెందుకు ముందు వెళ్తున్నారు?

మూడేళ్ళలోపు పిల్లలకి డిస్నీ వరల్డ్‌లో టికెట్ అక్కర్లేదు. పోయిన డిసెంబర్లో అట్లాంటాలో మా అక్కావాళ్ళింట్లో దిగి, అక్కణ్ణుంచి వాళ్ళ కార్లోనే అందరం ఆర్లాండో వెళ్ళాం. అప్పటికి మా బాబుకి రెండేళ్ళు, పాపకి ఆరు. హైదరాబాద్ నుంచి విమానం ఛార్జీలు కట్టి వచ్చినవాడికి ఆ ఒక్క మినహాయింపే వరంలా కనిపించింది. మిగతా టికెట్ల ధరలు డాలర్లలో చూడటం, మనసులో రూపాయల్లోకి మార్చుకోవడం, పక్కన మా ఆవిడ నా మొహం చూసి నవ్వడం. రెండో రోజుకి ఆ లెక్క మానేశాను.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మేం మొదట నిలబడ్డది పీటర్ పాన్స్ ఫ్లైట్ లైన్లో. 1971లో పార్కు తెరిచినప్పటి రైడ్. పైనుంచి వేలాడే చిన్న ఓడలో కూర్చుంటే కింద రాత్రిపూట లండన్, దీపాలు, నది. మూడు నిమిషాల్లో అయిపోతుంది. దానికి మేం గంట పైనే నిలబడ్డాం. బాబు భుజం మీద నిద్రపోయాడు. పాప రెయిలింగ్ పట్టుకుని వేలాడుతూ, మా పక్కనే ఉన్న ఇంకో దారిలో జనం చకచకా నడిచి వెళ్ళిపోవడం చూస్తోంది.

"వాళ్ళు మనకంటే లేటుగా వచ్చారు కదా నాన్నా. వాళ్ళెందుకు ముందు వెళ్తున్నారు?"

"వాళ్ళు ఎక్కువ డబ్బులు కట్టారమ్మా."

"ఎవరికి?"

"పార్కువాళ్ళకి."

"మనకి కాదా?"

నవ్వొచ్చింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు లైన్లో ఇంకేం పనిలేదు కాబట్టి ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. ఎంత ఆలోచించినా అది సరైన ప్రశ్నే అనిపించింది.

రైడ్‌లో ఓడలెన్నో, గంటకి ఎంతమంది ఎక్కగలరో దాదాపు మారని లెక్క. రెండు లైన్లూ కలిసేచోట ఒక ఉద్యోగి నిలబడి ఆ పక్కనుంచి కొందరిని, ఈ పక్కనుంచి కొందరిని వదులుతుంటాడు. అటు ఒక కుటుంబం ముందుకెళ్ళిందంటే ఇటు అందరూ ఆ మేరకి ఆగినట్టే. అంటే ముందు వెళ్ళినాయన కొనుక్కున్న నలభై నిమిషాలు ఏ గోడౌన్‌లోనో నిల్వ ఉన్న సరుకు కాదు. నాలాంటివాళ్ళ దగ్గర ఒక్కో నిమిషం, రెండేసి నిమిషాలు తీసి కూడబెట్టినవి. నష్టపోయినవాడు ఒకడు, డబ్బు అందుకున్నవాడు ఇంకొకడు. మార్కెట్ అంటే ఇద్దరూ ఇష్టపడి ఇచ్చిపుచ్చుకోవడమే కదా అని వాదించే మిత్రులు నాకు ఉన్నారు. ఇక్కడ ఆ ఇద్దరితో పాటు మూడోవాడు ఉన్నాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. చిన్నపిల్ల కాబట్టి అది అడిగింది, మనకి కాదా అని.

మొదట్నుంచీ ఇలా లేదు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ మొదలైన తొలి రోజుల నుంచీ చాలా ఏళ్ళపాటు టికెట్ల పుస్తకాలు ఉండేవి. చిన్న రైడ్లకి 'ఎ' టికెట్, తర్వాత్తర్వాత వచ్చిన అన్నిటికంటే గొప్ప రైడ్లకి 'ఇ' టికెట్. 1982 దాకా అదే పద్ధతి. డబ్బు తేడా అప్పుడూ ఉంది గానీ, లైన్లో నిలబడ్డాక అందరూ ఒకటే. 1999లో ఫాస్ట్‌పాస్ వచ్చింది. పైసా కట్టక్కర్లేదు, ఫలానా టైముకి రా అని ఒక చీటీ ఇచ్చేవారు. పార్కులోకి వచ్చిన ఎవరైనా తీసుకోవచ్చు. అప్పుడు కూడా చీటీ ఉన్నవాడు లేనివాణ్ణి దాటుకునే వెళ్ళాడు, కానీ ఆ చీటీ వీడికీ దొరికేదే. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే లైట్నింగ్ లేన్ వచ్చింది. దాని ధర కూడా రోజుని బట్టి, రద్దీని బట్టి మారుతుంది. లైను ఎంత పొడుగైతే దాన్ని తప్పించుకోవడం అంత ఖరీదు.

ఇంజనీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో 'స్టార్వేషన్' అని ఒక పాఠం ఉండేది. ప్రయారిటీ ఎక్కువున్న పనులు వస్తూనే ఉంటే తక్కువున్న పనికి ఎప్పటికీ వంతు రాకపోవచ్చు. దానికి మందు 'ఏజింగ్'. ఎదురుచూసిన కొద్దీ దాని ప్రయారిటీ కాస్త కాస్త పెంచుతూ పోవాలి. ప్రాణం లేని ప్రాసెస్‌కి మనం ఈమాత్రం మర్యాద ఇస్తాం. ఎంఐటీలో రిచర్డ్ లార్సన్ అనే ప్రొఫెసర్ క్యూల గురించే పరిశోధన చేశాడు. 1987లో ఆయన రాసిన పేపర్ క్యూలలో సామాజిక న్యాయం గురించి. మనిషిని ఎంతసేపు నిలబెట్టాం అన్నదే కాదు, వెనక వచ్చినవాడు దాటుకుపోయాడా అన్నది కూడా ముఖ్యం అంటాడు. నాకైతే ఇది చెప్పడానికి పేపర్ అవసరమా అనిపిస్తుంది. రేషన్ షాపు ముందు ఒక పూట నిలబడితే చాలు.

అయినా తెలుగువాళ్ళకి దీని గురించి ఒకరు చెప్పాలా? తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, సిఫారసు లెటర్ల మీద బ్రేక్ దర్శనం, ఏమీ లేనివాళ్ళకి సర్వదర్శనం. నా ఎనిమిదో ఏట నానమ్మతో కంపార్ట్‌మెంట్‌లో రాత్రంతా కూర్చున్నాం. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ పులిహోర పొట్లం విప్పి నా చేతిలో ఒక ముద్ద పెట్టింది. మేం అలా నిరీక్షిస్తుంటే కమ్మీల అవతల కొందరు ఆగకుండా నడిచి వెళ్ళారు. "వాళ్ళు చూసేదీ ఆ స్వామినే కదా" అంది నానమ్మ. అది సమాధానమో, సర్దుబాటో నాకిప్పటికీ తెలీదు. ఆవిడ దృష్టిలో ఆ నిరీక్షణ మొక్కులో భాగం, దాన్ని ఎవరూ ఆమె దగ్గర తీసుకోలేరు. పీటర్ పాన్ దగ్గర నాకు ఆ వెసులుబాటు లేదు.

ఆ రాత్రి హోటల్లో ఇదంతా చెబితే మా బావ పడీ పడీ నవ్వాడు. "లక్షలు పోసి ఇంత దూరం వచ్చావు. ఈ గేటు లోపలికి రాలేని పిల్లలు కోట్లమంది. వాళ్ళ గురించి రాని బాధ, నీకంటే నలభై నిమిషాలు ముందు వెళ్ళినవాడి గురించి వచ్చిందా? ఇది సమానత్వం కాదు బావా, కుళ్ళు."

జవాబు దొరకలేదు. నిజమే, గేటు బయట ఉన్నవాళ్ళు నాకు కనపడలేదు కాబట్టే వాళ్ళ గురించి ఎవరూ నన్ను అడగలేదు. ధనవంతుల దారి కూడా వెనక గోడ చాటున ఉంటే మా పాప అడిగేది కాదు, నాకు ఈ వ్యాసం ఉండేది కాదు. అంటే నాకు కావలసింది న్యాయమా, లేక అన్యాయం పిల్లల కంట పడకపోవడమా? ఒకటి మాత్రం అన్నాను. మరుసటి మైన్ ట్రైన్ దగ్గర జరిగింది వేరు. అది ఎక్కడానికి 97 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, బాబు సరిపోడు. ముందు నేను పాపని తీసుకెళ్ళాను. నేను వచ్చి బాబుని ఎత్తుకోగానే మా ఆవిడ మళ్ళీ లైన్లో నిలబడక్కర్లేకుండా, పాపని కూడా తీసుకుని పక్క దారిలో వెళ్ళింది. చిన్నపిల్లలున్న ఎవరికైనా ఆ వీలు ఉంది. అప్పుడు మేమూ జనాన్ని దాటుకునే వెళ్ళాం. పాప ఏమీ అడగలేదు. కారణం దాని కళ్ళముందే నా చంకలో ఉంది.

"సరేలే, రేపటికి పాస్ కొన్నాను, నా తరఫున" అన్నాడు బావ. వద్దనలేదు. ఆ మాట కూడా రాసెయ్యాలి. అలిసిపోయి ఉన్నాం, పిల్లాడికి జలుబు. వద్దనాలని అనిపించింది కూడా లేదు.

మర్నాడు పీటర్ పాన్ దగ్గర పావుగంట కూడా పట్టలేదు. ఓడ ఎక్కబోతూ పాప ఆగింది. "నీడల గది ఏది?"

మొదటి రోజు లైను ఆ రైడ్ కథలోని పిల్లల పడగ్గది లోంచి వెళ్ళింది. గోడ మీద మన నీడ పడుతుంది, ఆ నీడ చేతి మీద సీతాకోకచిలుక నీడ వచ్చి వాలుతుంది. పాప దాన్ని పట్టుకోవడానికి ఎగిరెగిరి, మాకు వెనక నిలబడ్డ ఒక పిల్లతో స్నేహం కూడా చేసేసింది. ఇద్దరికీ భాష కలవదు. ఆ గది నిలబడేవాళ్ళ కోసం కట్టింది, డబ్బు కట్టినవాళ్ళ దారి దాని పక్కనుంచి పోతుంది. ఈ మాట బావకి చెబితే "చూశావా, పేదవాడికీ ఏదో ఒకటి మిగిల్చారు" అన్నాడు. నానమ్మ మాటకీ దీనికీ పెద్ద తేడా కనపడక నాకు కాస్త కోపమొచ్చింది. నీడల గది బాగుందని లైను న్యాయమైపోదు.

మధ్యాహ్నానికి పాప ఆ దారికి అలవాటు పడింది. సాయంత్రం ఇంకో రైడ్ దగ్గర, పక్కన ఆగిపోయి ఉన్న లైను వైపు తిరిగి అందరికీ చెయ్యూపుతూ నడిచింది, ఊరేగింపులో లాగా. కొందరు నవ్వారు. దాని ఈడు అబ్బాయి ఒకడు మాత్రం చెయ్యూపలేదు. పైకి తలెత్తి వాళ్ళ నాన్నని ఏదో అడిగాడు. వాళ్ళ భాష నాకు తెలీదు. ఆ తండ్రి ఒకసారి మావైపు చూసి, వంగి, వాడికి నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడా అని తిరుగు ప్రయాణంలో చాలాసేపు అనుకున్నాను.

ఇప్పుడు వేసవికి తిరుమల వెళ్దామంటోంది మా ఆవిడ. మూడొందల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు, నిమిషాల్లో అయిపోతాయి, ఇలాంటి పనులకి ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉన్నది అందుకే. మొన్న లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే పాప వచ్చి స్క్రీన్‌లోకి తొంగిచూసింది.

"ఇది ఫాస్ట్ లైనా నాన్నా?"

"ఆఁ."

"స్లో లైన్లో నీడల గది ఉంటుందా?"

"ఉండదు. పాలు ఇస్తారు" అన్నాను. టికెట్లు ఇంకా బుక్ చెయ్యలేదు.