విసుగు – కాయకము

వేసవి సెలవులకు టేకులపల్లి చేరిన విశ్వవిద్యాలయ విద్యార్థిని "నాయనా, చదువెట్లున్నది?" అని పెద్దలడిగిన, తరచు వచ్చు సమాధానము "బోరు" అను ఒక్క ముక్క. మనము వెంటనే దానికి సోమరితనమని పేరు పెట్టుదుము. ఇది తొందరపాటు. సోమరి హాయిగా నిద్రించును. విసుగు చెందినవాడో, ఏదో కావలెనని కోరుచు, ఆ కోరునదేదో తెలియక తల్లడిల్లును.

దోషమంతయు సెల్‌ఫోనుదే యనుటయు సరికాదు. 2014లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ఒక ప్రయోగమున, మనుష్యులను 15 నిమిషములు ఒంటరిగా గదిలో కూర్చుండబెట్టిరి. చెంత నున్నది స్వల్ప విద్యుద్ఘాతము నిచ్చు మీట యొక్కటే. 18 మంది పురుషులలో 12 మంది, 24 మంది స్త్రీలలో ఆరుగురు దానిని నొక్కుకొనిరి! ఫోనును అట్టి మీటయే.

నులియ చందయ్య శరణుడు గడ్డి కోసి త్రాళ్లు పేనెడివాడు. నిన్నటి పేటయు నేటి పేటయు ఒక్కటే. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను, దాసోహమునకు ఆలస్యమగునని పని మానలేదని కథ. తన త్రాటి వెల ఎవరి ఆకలికి చేరునో అతడెరుగును. మన యడవిలో 50 తునికాకులు లెక్కించి కట్ట కట్టువారికిని, ఆ కూలికై ఇంట ఎదురుచూచువారెవరో తెలియును. (వారి పేదరికమును కాయకమని పొగడుట మాత్రము పాపము.) విద్యార్థి వ్రాసిన పుటలు ఎవరికి చేరుచున్నవి? పరీక్షాధికారికి, ఆ పిదప చిత్తుకాగితముల కొట్టునకు. విసుగునకు మూలము చాలవరకు ఇచ్చటనే యున్నదని నా తలంపు.

కావున విసుగు రాగానే పారిపోక, ఫోనును వేరొక గదిలో నుంచి, పావుగంట దానితోడనే కూర్చుండుమని విద్యార్థులకు చెప్పుదును. లింగపూజలో సైతము మనసు పరుగిడును, నాకును అంతే. కూర్చున్నచో అది అలసటయో, పాఠము అర్థముకాకపోవుటయో, ఆ చదువే తనది కాకపోవుటయో బయటపడును. అలసిన నిద్రింపవలెను, అర్థము కానిచో గురువు నడుగవలెను. మూడవదైనచో తల్లిదండ్రులు వినవలెను; శరణులందరికిని ఒకే కాయకము లేదు గదా.

మా యింటి పిల్లవానిని రెండేండ్లు సోమరి యని తిట్టితిని. లెక్కలు అర్థముగాక కూర్చున్నాడని పరీక్ష తప్పిన పిదపగాని నాకు తెలియలేదు. ఇప్పుడతడు సెలవులలో అరుగుపై ప్రక్కయింటి పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుచున్నాడు. మొన్న వారిలో ఒకడు ఆవులించెను. వీడు కసరలేదు, "ఎక్కడ తెలియలేదురా?" అని అడిగెను.