తిన్నింటి వాసాలు

కారు ఆగి నలభై నిమిషాలయింది. ముందు ఇరవై కార్లు, వెనక ఎన్నున్నాయో తెలీదు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, అలమగోర్డో అనే చిన్న ఊరి నుంచి తెల్ల ఇసుక దిబ్బల వైపు వెళ్ళే డెబ్భయ్యో నంబరు రహదారి అది. పక్కనున్న మైదానంలో క్షిపణి పరీక్ష ఉంటే ఆ దారిని గంటో రెండు గంటలో మూసేస్తారు. నా ఒళ్ళో మూడు నెలల మనవరాలు గుక్కపట్టి ఏడుస్తోంది. "వీళ్ళ పరీక్షలు తగలెయ్య" అన్నాను. మా అమ్మాయి ముందు సీట్లోంచి దిగి వెనక్కి వచ్చి, పిల్లని తీసుకుని పాలిస్తూ, మెల్లగా అంది: "అమ్మా, ఈ ఊళ్ళో ఆ మాట ఎవరి ముందూ అనకు. వీళ్ళంతా దాని మీదే బతుకుతున్నారు. మనమూ అంతే."

మనమూ అంతే. 2023 వేసవిలో కూతురి పురుడు పోయడానికి వెళ్ళి ఆ ఎడారిలో ఆరు నెలలున్నాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. మా అమ్మాయి అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆమె దగ్గరికొచ్చే రోగుల్లో వైమానిక స్థావరం కుటుంబాలు, అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ళు ఎందరో. వాళ్ళ జీతాలు లేకపోతే ఆ ఆసుపత్రి లేదు, మా మనవరాలి ఉయ్యాలా లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దవాళ్ళు చెప్పిన నీతి అదేగా! ఆ నీతి ఎంతవరకు నీతి, ఎక్కడ నోరు మూయించే సాధనం? ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకుంటున్నది అదే.

రైలు పుట్టించిన ఊళ్ళు నాకు కొత్తకాదు. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగినదాన్ని. నాన్న డ్యూటీని బట్టి అమ్మ పొయ్యి వెలిగేది. అలమగోర్డో కూడా రైలు బిడ్డే. ఎల్ పాసో నుంచి ఉత్తరానికి పట్టాలు వేస్తూ 1898లో చార్ల్స్ ఎడ్డీ, అతని సోదరుడు జాన్ ఎడ్డీ వేసిన ఊరు. పక్కనున్న సాక్రమెంటో కొండల మీది కలప స్లీపర్లకి కావాలి, ఇంజన్లకి నీళ్ళు కావాలి. కంపెనీయే వీధులు గీసింది, కాలవలు తవ్వింది, చెట్లు నాటింది. సారాయి అమ్మకాన్ని ఒక్క బ్లాకుకి పరిమితం చేసింది. ఊరికి ముందే యజమాని ఉన్న చోట పౌరులు అద్దెకున్నట్టే ఉంటారు. గుంతకల్లులో మేమూ అలాగే ఉన్నాం. కృతజ్ఞతా భయమూ ఒకే గిన్నెలో కలిపి తిన్నాం.

కొండల మీది కలప రైలు 1947లో ఆగిపోయింది. అప్పటికే ఊరికి కొత్త యజమాని వచ్చాడు. 1942లో సైన్యం బాంబర్ల శిక్షణకి విమాన స్థావరం కట్టింది. 1948 నుంచి దాని పేరు హోలోమన్. యుద్ధం అయ్యాక తిరిగొస్తాయనుకున్న పశువుల మేత భూములు రైతులకి తిరిగి రాలేదు. 1957లో ఎనభై ఏళ్ళు దాటిన జాన్ ప్రాథర్ అనే రైతు సైన్యం వచ్చినా తన ఇల్లు వదలనని మొండికేస్తే, చివరికి ఇల్లూ చుట్టూ కాస్త నేలా వదిలేశారు. ఆయన కథ ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటారు, చెప్పేవాళ్ళు స్థావరం జీతగాళ్ళే అయినా. 1961లో అంతరిక్షానికి పంపిన హామ్ అనే చింపాంజీకి శిక్షణ ఇచ్చిందీ ఇక్కడే. దాని సమాధి కొండ మీది మ్యూజియం ముందు ఉంది. నేనున్న రోజుల్లో అక్కడ యుద్ధ విమానాల పైలట్లతో పాటు, దూర దేశాల ఆకాశంలో తిరిగే మనుషుల్లేని విమానాలని నేల మీద కుర్చీలో కూర్చుని నడిపేవాళ్ళకి కూడా శిక్షణ ఇస్తున్నారు.

సైనిక స్థావరం నిలబడేది ఆయుధాల మీద కాదు, ఆడవాళ్ళ పని మీద అని సింథియా ఎన్లో 1989లోనే తన పుస్తకం 'బనానాస్, బీచెస్ అండ్ బేసెస్'లో వాదించింది. దాన్ని క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. అలమగోర్డోలో దాన్ని కళ్ళతో చూశాను. మూడేళ్ళకొకసారి ఇల్లు సర్దుకుని, ఉద్యోగం వదులుకుని, పిల్లల బడి మార్చే భార్యలు. కాంటీన్లో, డేకేర్‌లో, ఆసుపత్రిలో నైట్ షిఫ్టులో ఆడవాళ్ళు. వాళ్ళని "మీరు యుద్ధానికి పనిచేస్తున్నారా?" అని అడగడం నాకు చేతకాలేదు. పిల్లలకి అన్నం పెడుతున్నాం అంటారు. అది నిజం కూడా.

ఇంతవరకూ అయితే ఇది కూడు గురించిన మాట. కానీ ఆ ఊరి పేరుని ప్రపంచం వేరే కారణానికి గుర్తుపెట్టుకుంది.

1945 జులై 16 తెల్లవారుజామున ఐదున్నరకి ఒక్క నిమిషం ముందు, ఊరికి సుమారు అరవై మైళ్ళ దూరంలో మొదటి అణుబాంబు పేలింది. ఆకాశం వెలిగి, కిటికీలు కదిలి జనం లేచారు. మారుమూల ఉన్న ఒక మందుగుండు గిడ్డంగి పేలింది, ఎవరికీ ఏమీ కాలేదు అని అలమగోర్డో స్థావరం పేరు మీద ప్రకటన వచ్చింది. అణుబాంబు గురించి ఆ ఊరి ప్రజలకి అందిన మొదటి వార్త ఒక అబద్ధం. ఆ పొద్దున రుయిదోసో దగ్గర వేసవి శిబిరంలో ఉన్న ఆడపిల్లలు, పైనుంచి రాలిన తెల్లటి పొడిని మంచనుకుని ముఖాలకి రాసుకున్నారని వాళ్ళలో ఒకామె ముసలితనంలో చెప్పింది. తులరోసా లోయ జనం వాన నీళ్ళు తొట్లలో పట్టుకుని తాగేవాళ్ళు. పెరట్లో ఆవులు, మేకలు. బూడిద గడ్డి మీద పడింది, గడ్డి పాలలోకి వచ్చింది, పాలు పిల్లల్లోకి వెళ్ళాయి. ఎవరూ వాళ్ళని ఖాళీ చేయించలేదు. తర్వాతా చెప్పలేదు.

ఆ పేలుడు కబురు పోట్స్‌డామ్‌లో ఉన్న యుద్ధ మంత్రికి చేరింది పురుటి భాషలో. శస్త్రచికిత్స బాగా జరిగిందనీ, చిన్న బిడ్డ కూడా అన్న అంత బలంగా ఉన్నాడనీ డాక్టరు మాటల్లో రహస్య సందేశాలు వెళ్ళాయి. బాంబులు కన్న ఈ తండ్రుల భాషని కరోల్ కోన్ 1987లో విప్పి చూపించింది. చదివినప్పుడు అది నాకు విశ్లేషణ. మా అమ్మాయి పురిటి గదిలో కూర్చున్నప్పుడు అది ఒంటి మీద తేలు పాకినట్టయింది. మన ప్రసవాన్ని కోడ్‌గా వాడుకున్నవాళ్ళకి, అరవై మైళ్ళ అవతల నిజంగా పాలు తాగుతున్న బిడ్డలు లెక్కలోకి రాలేదు. తెలుగులో పాలు అంటే తాగే పాలూ, వంతూ కూడా. పాపంలో పాలు అంటాం. అక్కడ ఆ రెండూ ఒకటే అయ్యాయి.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా పై మాటలన్నీ అనే హక్కు నాకు లేదు.

మావారు ముప్ఫై ఏళ్ళు హైదరాబాదులో రక్షణ పరిశోధన చేసే ఒక ప్రభుత్వ సంస్థలో పనిచేశారు. ఈరోజుకీ నా మందులూ, విమానం టిక్కెట్టూ ఆయన పెన్షన్ లోంచే. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పరీక్షలు జరిగినప్పుడు మా కాలనీలో మిఠాయిలు పంచారు. నేనూ ఒక పెట్టె తీసుకుని ఇంటింటికీ తిరిగాను. ఆ వారమే మా కాలేజీలో ఒక జూనియర్ లెక్చరర్ అణ్వాయుధాలకి వ్యతిరేకంగా ఒక ప్రకటన పట్టుకొచ్చి, "మేడమ్, మీ సంతకం ఉంటే బలం" అంది. నేను చదివాను. ప్రతి వాక్యంతోనూ ఏకీభవించాను. కాగితం తిరిగిచ్చేసి, "నువ్వు పెట్టు. నేను తినే తిండి అక్కడిది. నేను పెడితే కపటం అవుతుంది" అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నా నిజాయితీకి నేనే మురిసిపోయాను.

పరీక్షా స్థలానికి పక్కనే ఖేతోలాయి అనే ఊరుందని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోలేదు.

చేతులు శుభ్రంగా ఉన్నవాళ్ళే మాట్లాడాలి అన్న ఆ నీతిని నేను పాతికేళ్ళు మోశాను. అలమగోర్డోలో అది విరిగింది. 2023 జులై మధ్యలో ఒక సాయంత్రం, పక్కింట్లో ఉండే డెబ్భై ఐదేళ్ళ పెద్దావిడ నన్ను పదమూడు మైళ్ళ దూరంలోని తులరోసాకి తీసుకెళ్ళింది. అక్కడ ప్రతి ఏడూ ఆ రోజుల్లో, కాగితం సంచుల్లో ఇసుక పోసి, దీపాలు పెట్టి, కాన్సర్లతో పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. 2005లో టీనా కార్డోవా, ఫ్రెడ్ టైలర్ మొదలుపెట్టిన బాధితుల సంస్థ అది జరుపుతుంది. టీనా ఆ ఊరి బిడ్డ, తనే థైరాయిడ్ కాన్సర్ నుంచి బయటపడిన మనిషి. 1990లో వచ్చిన పరిహార చట్టంలో నెవాడా పరీక్షల గాలి సోకినవాళ్ళున్నారు గానీ, మొట్టమొదటి బాంబు గాలి సోకిన వీళ్ళు లేరు.

పేర్లు చదవడం చాలాసేపు పట్టింది. మా పక్కింటావిడ తన అన్న, చెల్లెలు, మేనత్త పేర్లు వచ్చినప్పుడు చెయ్యి గుండె మీద పెట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు అడిగాను: "మీ ఆయన స్థావరంలోనే పనిచేశారన్నారు కదా. ఇక్కడికి రావడానికి ఆయన ఏమనేవారు?" ఆవిడ నవ్వింది. "మొదట్లో వద్దనేవారు. నేనన్నాను, మన ఇంటి కప్పు కారుతోందని చెప్పడానికి పక్క ఊరివాళ్ళు రావాలా?" కాసేపాగి, "మీకు చెప్పడం తేలికే. మీరు వెళ్ళిపోతారు. మా అబ్బాయి రేపు పొద్దున మళ్ళీ అదే గేటులోంచి పనికి వెళ్తాడు" అని కూడా అంది.

ఆ రెండు మాటల మధ్యే నా ప్రశ్నకి జవాబు వెతుక్కుంటున్నాను.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్న సామెత, పెట్టిన చెయ్యి ఒక మనిషిదైనప్పుడు నీతే. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టిన ఇల్లాలి దాపరికాలు బయటపెట్టడం ద్రోహమే. కానీ స్థావరం పెట్టేది దానం కాదు, చేసిన పనికి కూలి. కూలితో పాటు మౌనాన్ని కూడా కొన్నాననుకునే యజమానికి ఆ సామెతని మనమే కానుకగా ఇస్తున్నాం. పైగా ఆ కప్పు కింద పడుకునేది మనమే. వాసం పుచ్చితే ఎవరి మీద పడుతుంది?

ఇక చేతుల శుభ్రత. మచ్చలేనివాళ్ళే మాట్లాడాలంటే రైలు ఊళ్ళో, సైన్యం ఊళ్ళో, ఆ మాటకొస్తే పన్ను కట్టే ఏ ఊళ్ళోనైనా మాట్లాడేవాళ్ళు మిగలరు. పాపంలో పాలు ఉండటం నోరు మూసుకోవడానికి కారణం కాదు, జవాబు చెప్పాల్సిన బాధ్యత. ఆరోజు నేను కపటానికి భయపడ్డానని అనుకున్నాను. నిజానికి భయపడింది కాలనీలో పలకరింపులు ఆగిపోతాయనీ, మావారి ఫైలు మీద ఏదో గీత పడుతుందనీ. ఆ భయం అవమానం కాదు, పక్కింటావిడ కొడుక్కీ ఉంది. దానికి నీతి అని పేరు పెట్టడం మాత్రం అబద్ధం. భయపడ్డాను అని చెప్పి ఉంటే ఆ జూనియర్ నాతో కనీసం కూర్చుని మాట్లాడేది.

కానీ ఇంకో మెలిక ఉంది. మన కప్పు కారుతోందనడానికి మనకి హక్కుంది, సరే. ఎవరి ఇల్లు మొత్తం కూలిపోయిందో వాళ్ళ మాటేమిటి? ఆ ఎడారిలో పరీక్షించిన నమూనా బాంబే మూడు వారాల తర్వాత, ఆగస్టు 9న, నాగసాకి మీద పడింది. కుర్చీలో కూర్చుని నడపడం నేర్చుకున్న విమానాల నీడ ఏ ఊళ్ళో ఏ తల్లి మీద పడుతుందో అలమగోర్డోలో కనిపించదు. 2025 జులైలో అమెరికా చట్టం మారి, ట్రినిటీ గాలి సోకిన న్యూ మెక్సికో బాధితులకి కూడా లక్ష డాలర్ల పరిహారం ఒప్పుకుంది. ఎనభై ఏళ్ళకి. పక్కింటావిడ ఫోన్లో ఏడ్చింది, నేనూ ఏడ్చాను. న్యాయమే. అయినా ఆ లెక్క ఇంటి లోపలివాళ్ళ వరకే. వాసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టినవాళ్ళు గుమ్మం దాటి కూడా చూడాలని ఆవిడతో అనలేకపోయాను. ఆ మాట ముందు నాకు నేను చెప్పుకోవాల్సింది.

ఆ రోజు దారి తెరిచాక మేం ఇసుక దిబ్బల దగ్గరికి వెళ్ళాం. అక్కడి నేలలో పదివేల ఏళ్ళకి పైబడిన అడుగుజాడలు దొరికాయని 2020లో ప్రకటించారు. ఒక యువతో, ఎదిగే వయసు మనిషో, మూడేళ్ళలోపు బిడ్డని చంకనెత్తుకుని దాదాపు కిలోమీటరున్నర వేగంగా నడిచిన గుర్తులు. అక్కడక్కడ దింపినచోట చిట్టి పాదాలు. కొన్ని గంటల తర్వాత అదే దారిన తిరుగు అడుగులు, బిడ్డ లేకుండా. బిడ్డని ఎవరి దగ్గర వదిలిందో! నమ్మకమైన మనుషుల దగ్గరే అయి ఉంటుందని మా అమ్మాయి అంది.

హైదరాబాదు వచ్చాక ఆ జూనియర్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడు తనూ రిటైరయింది. 1998 సంగతి చెప్పాను. "మీరు సంతకం పెట్టలేదని నేను మర్చిపోయాను మేడమ్," అంది. "మిఠాయి తెచ్చి ఇచ్చారు, అది గుర్తుంది."