ఇసుక ఋణము

సముద్రతీరమందలి ఇసుక స్థిరమైనదని మనము తలంతుము. నిజమునకది నిత్యసంచారి. నైరృతి ఋతుపవన కాలమున అలలు తూర్పుతీరపు ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు మోసికొనిపోవుచుండును. విశాఖపట్టణమున 1976లో ఔటర్ హార్బరు ఏర్పడగా, దాని అడ్డుగోడలు ఆ గమనమును నిరోధించినవి. దక్షిణమున ఇసుక మేటవేసెను. ఉత్తరముననున్న రామకృష్ణా బీచి కోతకు గురియగుచు వచ్చెను. అందుచే నిలిచిన ఇసుకను త్రవ్వితీసి ఆ తీరమునకు చేర్చుచు వచ్చిరి.

ఇట్లు చేర్చుట దానమా, ఋణవిమోచనమా? ఓడరేవు అవసరమే, దానివలన నగరము పెరిగెను, అనేకులకు జీవనోపాధి కలిగెను. కాని లాభమును నగరమంతయు పంచుకొనుచుండగా, తీరము తరిగినప్పుడు పడవ నిలుపుకొనుటకును, వల ఆరవేసికొనుటకును చోటు కోల్పోవువాడు మత్స్యకారుడు. పరులకు చేరవలసినదానిని అడ్డగించి లాభము గడించినవాడు దానిని మరల అప్పగించుట ఔదార్యమనిపించుకొనదు. అది కనీస ధర్మము.

తీరప్రాంత నియంత్రణ నియమములు 1991లో వెలువడెను. చట్టము హద్దు గీయగలదు. హద్దు దాటరాదను బుద్ధిని మాత్రము మనమే అలవరచుకొనవలెను. ఒడ్డున భవనము కట్టువారును, రహదారి వేయువారును, విహారమునకేగు మనమును, “ఇచ్చట నేను దేనిని అడ్డగించుచున్నాను? ఎవరికి తిరిగి ఈయవలసియున్నాను?” అని ప్రశ్నించుకొనవలెను. ఆ లెక్క చూచుకొనుట మనయందరి విధి.