పరదేశపు పళ్లెంలో ఒక నియమం

శ్రీవిజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) లంబాలైన్‌లో మా నివాసం. ఈ దీవులలో శాకాహారిగా ఉండటం కొంతవరకు ఓడల దయ. చెన్నై నుండి సరుకు రావడం ఆలస్యమైతే కూరగాయల ధరలు చుక్కలనంటుతాయి. చేప మాత్రం గుమ్మం ముందుకే వస్తుంది. “మీరేం తిని బతుకుతారండీ?” అని శ్రీకాకుళం నుండి వచ్చి స్థిరపడిన ఇరుగుపొరుగువారు జాలిపడతారు. అయినా నా నియమమేమిటని నన్ను నేను ప్రశ్నించుకోవలసిన అవసరం ఇక్కడ కలుగలేదు. అది స్పెయిన్ దేశపు సెవిల్ నగరంలో కలిగింది.

1785లో నెలకొల్పిన అక్కడి ఇండీస్ పత్రాగారాన్ని చూడాలన్నది చరిత్ర విద్యార్థిగా నా చిరకాలవాంఛ. సెలవు పెట్టి వెళ్లాను. తొలి మధ్యాహ్నం ఒక చిన్న భోజనశాలలో, మాంసం వద్దని వారి భాషలోనే చెప్పి, బీన్స్ కూర అడిగాను. కూరలో ఎర్రని చిన్న ముక్కలు కనిపించాయి. హామోన్, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం. వడ్డించినాయన నొచ్చుకున్నాడు: అది మాంసం కాదు, హామోన్ కదా! ఆయన మోసగించలేదు. మన పోపులో ఇంగువ ఎటువంటిదో ఆయన దృష్టిలో అది అటువంటిది.

ముక్కలను ఏరివేసి తక్కినది తినవచ్చునా? మాంసమంటే ఏమిటో నిర్ణయించవలసినది వండినవాడా, తినేవాడా? 1888లో ఇంగ్లండు వెళ్లిన గాంధీజీకి ఇదే సమస్య ఎదురైంది. అక్కడి శాకాహారులలో గుడ్డును మాంసంగా లెక్కించనివారున్నారు. కాని మాట ఇచ్చింది తల్లికి గనుక ఆమె ఎరిగిన అర్థమే తనను బంధిస్తుందని తేల్చుకుని, ఆయన గుడ్లు మానివేశారు. నా మాట కూడా అమ్మకు ఇచ్చినదే. బంగాళాదుంపలతో చేసే అక్కడి గుడ్డట్టును, తోర్తియాను, స్పెయిన్‌లో శాకాహారంగానే భావిస్తారు. నేను ముట్టలేదు.

అంతవరకు నాకు సంతృప్తిగానే ఉంది. మరునాడు గ్వాదల్‌క్వివిర్ నది ఆవలి ఒడ్డున త్రియానా అంగడికి వెళ్లాను. దాని కింద ఇంక్విజిషన్ విచారణలు జరిగిన కోట శిథిలాలున్నాయి. 1481లో ఈ నగరంలోనే తొలి దహనశిక్షలు అమలయ్యాయి. క్రైస్తవం స్వీకరించిన యూదులు రహస్యంగా పూర్వమతాన్నే పాటిస్తున్నారనడానికి, పందిమాంసం తినకపోవడం, కొవ్వుకు బదులు నూనెతో వండుకోవడం కూడా ఆనవాళ్లు. ఇరుగుపొరుగువారు, పనివారే సాక్షులు. నేను పళ్లెం వెనక్కి పంపితే నాకైన నష్టం కొద్ది యూరోలు. మనదేశంలోనైతే మాంసం ముట్టకపోవడం చాలాచోట్ల మర్యాదకు, ఆధిక్యానికి గుర్తు. దానివల్ల నాకు గౌరవమే లభించింది. ఏమీ కోల్పోకుండా నిలుపుకున్న నియమానికి వ్రతమన్న పేరు తగునా అన్న సందేహం నన్నింకా వదలలేదు. 1858 మార్చిలో ఈ దీవులకు తెచ్చిన తొలి 200 మంది ఖైదీలకు పంక్తి ఎంచుకునే స్వాతంత్ర్యం ఎంతటిదో ఊహించవచ్చు.

తక్కిన రోజులలో తిండికి లోటు జరుగలేదు. శనగలు, జీలకర్రతో వండే సెవిల్ పాలకూర మన పప్పుకూరకు దగ్గరి చుట్టం. టమాటాలతో చేసే చల్లని గాస్పాచో ఎండకు హాయినిచ్చింది. దానిలాగే కనిపించే సాల్మోరెహో పైన మాత్రం హామోన్, గుడ్డు చల్లుతారు. “మాంసం వద్దు” అంటే చాలదని గ్రహించి హామోన్, చేప, మాంసపు రసం అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగడం నేర్చుకున్నాను. అన్నట్టు, మన మిరప, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండాలవే. వాటిని సముద్రం దాటించి ఐరోపాకు తెచ్చింది ఈ స్పెయిన్ నావికులే.

తిరిగివచ్చిన వారానికి పొరుగింటి పిన్నిగారు వంకాయకూర పంపారు. ఎండురొయ్యల వాసన వచ్చింది. “రొయ్యలు ఎన్నో లేవు బాబూ, రుచికి రెండే!” అన్నారు. సెవిల్‌లో వలె గిన్నె వెనక్కి పంపడానికి చేయి రాలేదు. తీసుకుని, మా వీధి చివర కాపలాదారుకు ఇచ్చాను. ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.