బాలాపరాధి – పెద్దల అపరాధము

బేగంబజారు హైదరాబాదు నగరమున టోకువ్యాపారమునకు పేరెన్నికగన్న పేట. పాత్రలు, ఎండుపండ్లు, మసాలా దినుసులు కొనవచ్చిన జనముతో అచటి వీథులు క్రిక్కిఱిసి యుండును. 2022 మే 20వ తేదీన ఆ పేటలోనే యొక యువకుని పొడిచి చంపిరి. అతడు తన కులము కాని కన్యను వలచి పెండ్లాడెను. ఆ పెండ్లి గిట్టని వధువు బంధువులే యీ పనికి ఒడిగట్టిరని పోలీసులు చెప్పిరి. భార్యను, పసికందును విడిచి యతడు పోయెను. పట్టువడినవారిలో 18 ఏండ్లు నిండని బాలుడొకడు గలడని పత్రికలు వ్రాసినవి.

ఆ బాలుడు దోషి యగునో కాదో తేల్చుట న్యాయస్థానముల పని. ఆ వ్యాజ్యమున మేము తలదూర్చము. కాని యా వార్త చదివినది మొదలు మమ్ము విడువని ప్రశ్న యొకటి కలదు. మీసకట్టు రాని పిల్లవాడు పెద్దలతో గూడి కత్తి పట్టినచో, దండింపవలసిన దెవరిని? ఎంతవఱకు?

మన చట్టము దీనికి ఎల్లకాలము ఒక్క సమాధానమే చెప్పలేదు. 1986 నాటి చట్టము మగపిల్లలకు 16 ఏండ్లును, ఆడుపిల్లలకు 18 ఏండ్లును హద్దుగా నిర్ణయించెను. 2000 నాటి చట్టము ఇరువురకును 18 ఏండ్లే యనెను. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరమున బాలుడొకడు పాల్గొనెను. వానికి మూడేండ్ల సంస్కరణవాసమే గరిష్ఠశిక్ష యని తెలిసి దేశము భగ్గుమనెను. అందుపై వచ్చిన 2015 నాటి చట్టము 2016 జనవరి 15 నుండి అమలులో నున్నది. కనీసము ఏడేండ్ల శిక్షగల నేరము 16, 18 ఏండ్ల నడిమి బాలునిపై మోపబడినచో, ఒక మేజిస్ట్రేటును ఇద్దఱు సంఘసేవకులును గల బాలల న్యాయమండలి మూడు సంగతులు విచారించును: వాని దేహమనశ్శక్తి యెట్టిది? ఫలితము నెఱుగగలడా? ఏ పరిస్థితులలో చేసెను? పెద్దవానివలె విచారింపదగునని తోచినచో బాలల న్యాయస్థానమునకు పంపును. అచటను వానికి ఉరి లేదు. విడుదలకు ఆశలేని యావజ్జీవశిక్ష లేదు. 21 ఏండ్లు వచ్చువఱకు చెఱసాల లేదు. ఈ పరిశీలన మిక్కిలి సున్నితమైనదనియు, మండలిలో బాలమనస్తత్వ మెఱిగినవారు లేనిచో నిపుణుల సాయము గైకొనవలెననియు 2022 జూలైలో సుప్రీంకోర్టు హెచ్చరించెను.

రెండవ ప్రశ్నకు సమాధానము సులభము. కత్తిపోటున మనిషి చచ్చునని పదేడేండ్ల పిల్లవానికి తెలియదా? తెలియును. చిక్కంతయు మూడవ ప్రశ్నలో నున్నది. అన్యకులజుని పెండ్లాడుట కులమునకు మచ్చయని వానికి నేర్పినదెవరు? ఇంటిలో పెద్దలు పండ్లు కొఱుకుట, తల్లి తలబాదుకొనుట, ఇరుగుపొరుగులు నవ్వుట—ఇవియే కదా వాని పాఠములు! పెద్దవాడైనచో ఇల్లు విడిచి పోగలడు. బాలుడన్ననో, ఆజ్ఞయిచ్చినవారి అన్నమే తినవలెను. కావున బాల్యమనగా తెలివి లేకుండుట మాత్రమే కాదు, కాదనుటకు స్వాతంత్ర్యము లేకుండుట. చట్టము చూపు దయకు ఇదియే సరియైన ఆధారమని మా యభిప్రాయము.

భారతమున మాండవ్యుని కథ పాఠకులెఱిగినదే. పసితనమున తూనీగలను పుల్లలతో గ్రుచ్చిన దోషమునకు కొఱత వేయించిన యముని ఆ ముని శపించెను. 14 ఏండ్లలోపు చేసినది పాపము కాదని కట్టుబాటు చేసెను. కొలత తప్పిన న్యాయమూర్తియే విదురుడై పుట్టవలసివచ్చెను.

కాని మే మిచట ఆగిపోజాలము. బేగంబజారులో తండ్రిని గోల్పోయిన యా పసికందు పెరిగి, “పొడిచిన చేయి లేతదైనచో నా తండ్రి గాయము చిన్నదగునా?” యని యడిగినచో ఏమి చెప్పుదుము? చిన్నది కాదు. దయ మఱపు కాకూడదు. హత్యలో పాలుగొన్న బాలుడు తాను చేసినది హత్యయే గాని పౌరుషము కాదని గ్రహింపవలెను. గ్రహించువఱకు వానిని, వీరుడని వీపు చఱచు ఇంటికి తిరిగి పంపరాదు. అట్లని కరడుగట్టిన ఖైదీల నడుమ పడవేసినచో, ఒక గురువును విడిచి మఱొక గురువు చెంత చేరును.

చట్టము మెత్తనైనచో పెద్దలు పిల్లల చేతికే కత్తి యిత్తురని కొంద ఱందురు. నిజమే కావచ్చును. అది పెద్దలను దండించుటకు కారణము గాని పిల్లలను ఉరితీయుమనుటకు కారణము కాదు. చట్టవిరుద్ధమైన పనులకు పిల్లలను వినియోగించు పెద్దలకు ఏడేండ్లవఱకు కఠినశిక్షయు, ఐదు లక్షల రూపాయల జరిమానాయు 2015 నాటి చట్టమందే 83వ సెక్షను విధించుచున్నది. బాలుని వయస్సును గూర్చి వాదించుకొను మనము ఈ సెక్షనును గూర్చి యెంత మాట్లాడితిమి?

న్యాయస్థానము నేరము జరిగిన పిదప వచ్చును. అంతకుముందే తీర్పు చెప్పవలసినవారము మనము. ఇంటి ఆడుబిడ్డ తన వరుని తానే కోరుకొన్న నాడు, గుమ్మమువద్ద నిలిచి చెవియొగ్గిన తమ్ముని యెదుట మనము పలుకు మొదటిమాట యేది? పాఠకులు ఆ మాటను నేడే యోచించుకొందురు గాక.